ఏడో క్లాజు కుండ

నేను కోర్టు అమీనాని. పేరు సూర్రావు. కోర్టు చెప్పిన మాటను ఇంటింటికీ మోసుకెళ్ళడం, చెప్పినట్టు జరిగిందో లేదో చూడటం, చూసింది కాగితం మీద పెట్టడం నా ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్నాను. ఈ ఇరవై ఆరేళ్ళలో నన్ను చూసి సంతోషించిన గడప ఒక్కటీ లేదు. మనుషుల సంగతి సరే, నేను వీధిలోకి వస్తే కోళ్ళు కూడా గంప కిందికి దూరతాయి. అయినా నేనేమీ అనుకోను. వాళ్ళకి నేనంటే కోపం కాదు, నా చేతిలో కాగితమంటే కోపం.

మాది గోదావరి కాలవ గట్టు మీద ఉన్న చిన్న పట్నం. అందులో మా ఫ్యామిలీ కోర్టు మరీ చిన్నది. మొన్న వేసవి దాకా మా కోర్టులో విడాకులు ఇవ్వడం వరకే పని. ఇచ్చాక వాళ్ళు డిక్రీలో రాసినట్టు నడుచుకున్నారా లేదా అని ఎవరూ అడిగేవారు కాదు. నడుచుకోని వాళ్ళ మీద రెండో వారు పిటిషను పెడితే అప్పుడు నన్ను పంపేవారు. లోకం ఎలాగో నడిచిపోయేది.

వేసవిలో మా జడ్జిగారు మూడు రోజుల శిక్షణకు వెళ్ళొచ్చారు. మనిషి మంచివారే. వెళ్ళేటప్పుడు మామూలుగానే వెళ్ళారు. వచ్చేటప్పుడు ఒక సంచీ, ఒక జ్ఞాపిక, ఒక సర్క్యులరు పట్టుకొచ్చారు. ఆ సర్క్యులరు ప్రకారం ప్రయోగాత్మకంగా మా కోర్టుకు ఒక కొత్త అధికారం వచ్చింది. విడాకుల డిక్రీలోని ఏ షరతును ఎవరు తప్పినా, ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా, కోర్టే స్వయంగా ధిక్కార నేరం కింద పట్టుకోవచ్చు. మర్నాడే సిబ్బంది అందరినీ పిలిచి ఆయన మాట్లాడారు.

"విడాకులు మంజూరు చేయుట సులభము. మంజూరైన పిమ్మట అందలి షరతులు అక్షరమక్షరము నెరవేరుచున్నవా? అదియే మన ఆజ్ఞాపాలన ఉద్యమము. గుర్తుంచుకొనుడు. ఆజ్ఞకు తక్కువ చేసినను ధిక్కారమే, ఎక్కువ చేసినను ధిక్కారమే."

కోర్టు కాగితాలన్నిటికీ పెద్దయిన మా శిరస్తాదారు కామేశంగారు ఆ మాటను నాలుగు బోర్డుల మీద రాయించారు. హాల్లో గోడకి ఒక పెద్ద పట్టిక కూడా వేలాడదీశారు. ఒక పక్క 'పాలించినవి', ఇంకో పక్క 'ధిక్కరించినవి'. వారం తిరిగేసరికి మొదటి గడిలో పదకొండు గీతలు పడ్డాయి. రెండో గడి ఖాళీ.

"ఇదేం బాగోలేదు సూర్రావూ," అన్నారు కామేశంగారు పట్టిక వైపు చూసి. "అది ఖాళీగా ఉంటే మనం గాలించడం లేదనుకుంటారు పైవాళ్ళు."

అలాంటి సమయంలో సరెళ్ళ గంగాభవాని, సరెళ్ళ తాతాజీల విడాకుల డిక్రీ ఇచ్చారు.

వాళ్ళిద్దరిదీ పూతరేకుల పని. పద్నాలుగేళ్ళు కలిసి చేశారు. భవాని పొయ్యి మీద బోర్లించిన కుండ ముందు కూర్చుని రేకులు తీసేది. పల్చటి బట్టని బియ్యప్పిండి నీళ్ళలో ముంచి వేడి కుండ మీద ఒక్క లాగు లాగితే ఉల్లిపొరలాంటి రేకు లేస్తుంది. తాతాజీ ఆ రేకులో పంచదార పొడి చల్లి, నెయ్యి రాసి, చుట్టేవాడు. గొడవ ఆ నెయ్యి దగ్గరే వచ్చింది. ఆవిడ ఇంకాస్త వెయ్యమనేది, ఆయన చాలనేవాడు. పద్నాలుగేళ్ళు రోజుకు రెండు మూడు వందల సార్లు అదే మాట అనుకున్నాక, ఇద్దరూ కూడబలుక్కుని కోర్టుకొచ్చారు. పిల్లల్లేరు. పంచుకోవడానికి పెద్దగా ఆస్తీ లేదు. తాతాజీ ఇల్లు తాతాజీది. కుండ మాత్రం తనదని భవాని అడిగింది, ఆయన సరేనన్నాడు.

ఆ కుండ గురించి ఒక మాట చెప్పాలి. మామూలు కుండ మీద రేకు లేవదు. కొత్త కుండకి నూనె పట్టించి, మంట పెట్టి, మళ్ళీ నూనె పట్టించి, రోజుల తరబడి లొంగదీసుకోవాలి. ఆ తర్వాత కూడా రోజూ వాడుతూ ఉంటేనే దాని పదును నిలుస్తుంది. భవాని కుండ పద్నాలుగేళ్ళ పదునుది. దాన్ని చేసిన కుమ్మరి పోయాడు, ఆయన కొడుకులు పూలకుండీలు చేస్తున్నారు. భవాని విడిగా ఒక వరండా ఉన్న గది అద్దెకు తీసుకుంది. ఆమె పేరు మీద మొదటిసారి ఒక ఆర్డరు కూడా వచ్చింది. శ్రావణమాసంలో హైస్కూలు హిందీ మాస్టారి కూతురి పెళ్ళి, ఆరువందల రేకులు. అవి బాగా కుదిరితే ఊళ్ళో ఆమెకంటూ ఒక పేరు వస్తుంది. కుదరకపోతే మళ్ళీ ఎవరి పొయ్యి దగ్గరో కూలికి కూర్చోవాలి.

ఇక డిక్రీ సంగతి. మా కోర్టులో డిక్రీ ఎవరూ కొత్తగా రాయరు. పాత డిక్రీ ఒకటి బీరువాలోంచి తీసి, పేర్లు మార్చి, వస్తువు మార్చి ఎక్కిస్తారు. వస్తువు అప్పగించే క్లాజుకి మా దగ్గరున్న నమూనా నలభై ఏళ్ళ కిందటిది. అన్నదమ్ముల దావాలో ఒక ఎడ్ల జత కోసం రాసింది. ఎడ్లు తీసి కుండ పెట్టారు, వాదిగా భవానిని, ప్రతివాదిగా తాతాజీని ఎక్కించారు. ఏడో క్లాజు ఇలా వచ్చింది: 'ప్రతివాది, పూతరేకులు తీయు కుండ ఒకటి, ఈ తీర్పు నాటికి ఎట్టి స్థితిలో యున్నదో అట్టి స్థితిలోనే, తన స్వహస్తములతో, వాది నివాసమందు, కోర్టు అమీనా సమక్షమున వాదికి అప్పగించవలెను.'

తాతాజీ డిక్రీ చదవలేదు. తీర్పు వచ్చిన మర్నాడే కుండని గడ్డిలో చుట్టి, నెత్తిన పెట్టుకుని, నడిచి వెళ్ళి భవానికి ఇచ్చేశాడు. ఆవిడ దించుకుని, చుట్టూ తడిమి చూసుకుని, మంచినీళ్ళిచ్చింది. ఆయన తాగి వెళ్ళిపోయాడు. మా కోర్టు చరిత్రలో అంత సాఫీగా అమలైన డిక్రీ ఇంకోటి లేదు.

ఆ సంగతి తెలిసి కామేశంగారు కళ్ళజోడు సవరించుకున్నారు.

"అప్పుడు నువ్వెక్కడున్నావు సూర్రావూ?"

"నేను లేనండి. నాకు తెలియనే తెలియదు."

"అనగా అమీనా సమక్షమున జరగలేదు. అనగా సదరు అప్పగింత అప్పగింత కాదు." ఆయన ముఖం వెలిగింది. కుర్చీ మీదికెక్కి పట్టికలో రెండో గడిలో మొదటి గీత స్వయంగా గీశారు.

జడ్జిగారు దయతలచి మొదటి తప్పు కింద మందలించి వదిలేశారు. కానీ జరిగిన అప్పగింత చెల్లదు కనుక, చెల్లేలా మళ్ళీ అప్పగించాలన్నారు. మళ్ళీ అప్పగించాలంటే కుండ ముందు ప్రతివాది దగ్గర ఉండాలి. కనుక దాన్ని వాది దగ్గర స్వాధీనపరచుకుని ప్రతివాదికి చేర్చమని నాకు వారంటు ఇచ్చారు.

నేను వెళ్ళేసరికి భవాని కొత్త పొయ్యి అలుకుతోంది. కుండ పక్కనే ఉంది.

"రండి బాబాయిగారూ," అంది. ఇరవై ఆరేళ్ళలో నన్ను రమ్మన్న మొదటి మనిషి.

వారంటు చదివి వినిపించాను. ఆవిడ అలుకుగుడ్డ పక్కన పెట్టి లేచింది.

"నా కుండ నాకొచ్చేసింది కదండీ?"

"వచ్చిందమ్మా."

"నాకిమ్మనే కదండీ కోర్టోరు చెప్పింది?"

"అవునమ్మా."

"మరి ఇప్పుడు తీసుకెళ్ళి ఆయనకిత్తారా?"

"మళ్ళీ నీకు ఇవ్వడానికేనమ్మా."

"ఆయ్, అలాగేనండి," అంది చివరికి. "మూతి దగ్గర పట్టుకోకండి, పెచ్చు లేత్తది."

నిజం చెబుతున్నాను, ఆ కుండ ఎత్తుకుంటుంటే నాకు సిగ్గేసింది. ఇళ్ళ తలుపులు ఊడదీసిన వాణ్ణి, మంచాలు జప్తు చేసిన వాణ్ణి. ఎప్పుడూ అలా అనిపించలేదు.

రెండోసారి అంతా పద్ధతి ప్రకారం జరిపించాను. తాతాజీ కుండ మోస్తుంటే పక్కన నేను నడిచాను. గుమ్మంలో ఆయన స్వహస్తాలతో ఇచ్చాడు, ఆవిడ పుచ్చుకుంది. నేను రిపోర్టు తీశాను. ఉద్యమం వచ్చాక రిపోర్టు ఫారంలో కొత్త గళ్ళు వచ్చాయి. 'వస్తువు స్థితి' అని ఒకటుంది. చెయ్యి ఆనించి చూసి 'చల్లగా ఉన్నది' అని రాశాను. బాగుంది అని రాసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

కామేశంగారు ఆ రెండు మాటలూ రెండుసార్లు చదివారు.

"తీర్పు నాడు సదరు కుండ యొక్క ఉష్ణస్థితి ఏమి?"

విచారణ పెట్టారు. తాతాజీ బోనెక్కి చేతులు కట్టుకుని చెప్పాడు. "ఆ రోజు మేవిద్దరం కోర్టులో ఉన్నావండి. కుండ చల్లారకూడదని మా అక్క మంట చూత్తందండి. పొయ్యి మీదే ఉందండి కుండ."

"అనగా వేడిగా యున్నది," అన్నారు జడ్జిగారు.

"చెయ్యెడితే బొబ్బలేనండి."

"ఎట్టి స్థితిలో యున్నదో అట్టి స్థితిలోనే అని కోర్టు స్పష్టముగా ఆజ్ఞాపించినది. వేడి కుండకు బదులు చల్లని కుండ నిచ్చుట, ఒక వస్తువునకు బదులు వేరొక వస్తువు నిచ్చుటయే."

పట్టికలో రెండో గీత పడింది. నేను మళ్ళీ వెళ్ళి కుండ పట్టుకొచ్చాను. ఈసారి భవాని రమ్మనలేదు, అలాగని పొమ్మనలేదు. కుండని పాత చీరలో చుట్టి సిద్ధంగా గుమ్మంలో పెట్టింది. పెళ్ళికి ఇంక నెలరోజులుందని మాత్రం చెప్పింది.

మూడో అప్పగింతను ఊరంతా చూసింది. తోపుడు బండి మీద ఇటుకలతో పొయ్యి కట్టాం. దాని మీద కుండ బోర్లించి, ఎండు కొబ్బరాకులు ఎగదోసి మంట పెట్టాం. ఆకు మండుతూ ఉండాలి, బండి నడుస్తూ ఉండాలి, కుండ పగలకూడదు. తాతాజీ బండి తోస్తున్నాడు. నేను ఆకులు ఎగదోస్తున్నాను. ఆరోగ్య కేంద్రం నుంచి ఒక థర్మామీటరు తెప్పించారుగానీ, అది మనుషుల జ్వరం చూసేది కావడంతో కుండకి ఆనించగానే పగిలిపోయింది. దాని మీద కూడా ఒక ఫైలు నడుస్తోంది. దారిలో వాళ్ళు మాదేదో కొత్త రకం జాతర అనుకుని బండికి దణ్ణాలు పెట్టారు. ఒకావిడ పసుపు నీళ్ళు కూడా చల్లబోతే అడ్డుపడ్డాను. స్థితి మారిపోతుంది కదా.

భవాని గుమ్మం ముందు బండి ఆగింది. వేడి కుండ, వాది నివాసం, అమీనా, అన్నీ కుదిరాయి. తాతాజీ చెయ్యి చాచి, వేడి తగిలి వెనక్కి లాక్కుని, బండికి వేలాడుతున్న గోనెసంచి తీసుకుని దానితో కుండ ఎత్తి ఇచ్చాడు. భవాని ఉత్తి చేతులతో అందుకుంది. పద్నాలుగేళ్ళు ఆ వేడి ముందు కూర్చున్న చేతులవి.

మర్నాడు కోర్టులో కామేశంగారు ఒక్కటే ప్రశ్న వేశారు. గోనెసంచి స్వహస్తం కిందికి వస్తుందా? తాతాజీ తరఫు ప్లీడరు చేతిని ఆనుకుని ఉన్నది చేతిలో భాగమేనని గంట సేపు వాదించాడు. జడ్జిగారు సానుభూతితో విని, సంచి జనపనారతో చేసినదని, జనపనార ప్రతివాది శరీరంలో పెరగలేదని తేల్చారు. మూడో గీత. ఇక మందలింపులతో లాభం లేదని, ఆజ్ఞ పాలించే వరకూ తాతాజీని సివిలు జైల్లో ఉంచమన్నారు. కుండ కోర్టు ప్రాపర్టీ గదిలోకి వచ్చింది.

తీర్పు చెబుతూ జడ్జిగారు శిక్షణలో విన్న ఒక మాట అన్నారు. "ఇది శిక్ష కాదు. ఒప్పించు మార్గము. ఇట్టి ధిక్కారి యొక్క జైలు తాళపుచెవి అతని జేబులోనే యుండును. ఆజ్ఞను పాలించిన క్షణమున అతడే తలుపు తెరుచుకొని వెళ్ళవచ్చును."

కామేశంగారు దాన్ని యథాతథంగా ఆర్డరు షీటులో ఎక్కించారు. ఎక్కించాక అమలు చేయాలి కదా. సాయంత్రానికి తాళంచెవికి నకలు చేయించి, రసీదు రాయించుకుని, తాతాజీ చొక్కా జేబులో పెట్టించారు. మా సివిలు జైలంటే కోర్టు వెనక ఒక పాత రికార్డు గది. తాతాజీ లోపల కూర్చుని జేబు తడుముకున్నాడు.

"సూర్రావుగారండీ, ఇది నిజంగా ఈ తాళానిదేనా?"

"దానిదే."

"మరి తీసుకుని పోవచ్చాండీ?"

"ఆజ్ఞ పాలిస్తే పోవచ్చు."

"పాలించాలంటే కుండ తీసుకెళ్ళి ఇవ్వాలి కదండీ. ఇవ్వాలంటే బయటికి రావాలి కదండీ."

"అవును. రావాలంటే పాలించాలి."

తాతాజీ తాళంచెవి తిప్పి చూసుకుని మళ్ళీ జేబులో వేసుకున్నాడు. తర్వాత అది పోతుందేమోనని జేబుకి పిన్నీసు పెట్టుకున్నాడు.

ఇంకో చిక్కు ఉంది. సివిలు జైల్లో ఉన్నవాడి భోజనం ఎవరికోసం లోపల ఉన్నాడో వాళ్ళే చూసుకోవాలన్నది రూలు. అంటే భవాని. రోజూ మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని వచ్చేది. ఊచల్లోంచి అందిస్తూ ఒకరోజు నాతో అంది. "ఈయనకి వండలేకే కదండీ విడాకులు తీసుకున్నాను. పెళ్ళయినప్పుడు ఒక పూట ఎగ్గొట్టినా అడిగినోళ్ళు లేరు. ఇప్పుడు ఎగ్గొడితే నన్నూ లోపలెడతారంట."

"పప్పులో ఉప్పు తగ్గింది భవానీ," అన్నాడు తాతాజీ లోపల్నుంచి.

"కోర్టుకి చెప్పుకోండి తాతాజీగారూ," అంది భవాని. పెళ్ళాంగా ఉన్నప్పుడు ఆయన్ని గారూ అని ఎప్పుడూ అనలేదట. ఆ మాటకి తాతాజీ నొచ్చుకుని రెండు రోజులు వంటకి వంక పెట్టలేదు.

నాలుగో రోజున ఆవిడ ప్రాపర్టీ గది కిటికీలోంచి కుండని చూసింది. చెయ్యి లోపలికి పెట్టి దాన్ని తడిమింది. 

"బాబాయిగారూ, ఇది పోతందండి. రోజూ మంట తగలాలండి దీనికి. ఇలా వదిలేత్తే పదును చచ్చిపోద్ది. పద్నాలుగేళ్ళండి." కళ్ళు తుడుచుకుంది. "పెళ్ళి ఇరవై రోజుల్లో ఉందండి."

ఆ మాట నేనే కామేశంగారి చెవిన వేశాను. జాలిపడతారనుకున్నాను. ఆయన జాలిపడలేదు, అదిరిపడ్డారు. కుండ స్థితి కోర్టు కస్టడీలో మారితే ధిక్కరించింది కోర్టే అవుతుంది. పట్టికలో ఆ గీత ఎవరు గీయాలి? ఆ సాయంత్రమే ఆర్డరు వచ్చింది. సదరు కుండను ప్రాపర్టీ గదిలోనే తీర్పు నాటి వేడిలో నిరంతరం ఉంచవలెను.

మొదటి రెండు రోజులూ మా బంట్రోతులు పొయ్యి రాజేశారు. పొగకి సాక్షులు దగ్గారు, ప్లీడర్లు కళ్ళు నలుపుకుంటూ వాదించారు. అప్పుడే ఒక మనోవర్తి కేసులో ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకుంటే జడ్జిగారు పశ్చాత్తాపమనుకుని కేసు రాజీ చేసేశారు. మూడో రోజు కుండ మీద పిండి నీళ్ళు పోసి చూస్తే అట్టు వచ్చింది, రేకు రాలేదు. ఇది చేతనైనవాళ్ళ పని అని తేలింది. ఆ కుండ లొంగేది ఊళ్ళో ఒక్కరికే. గంగాభవానిని కుండ సంరక్షణ కమిషనరుగా నియమించారు.

ఇలాంటి నియామకానికి కూడా మా బీరువాలో నమూనా ఒకటుంది. తగువులో ఉన్న వరిచేనుకి కాపలా పెట్టినప్పటిది. చేను తీసి కుండ పెట్టారు.

మర్నాటి నుంచి పొద్దున్నే భవాని వచ్చి ప్రాపర్టీ గదిలో పొయ్యి ముందు కూర్చుని రేకులు తీయసాగింది. కుండ మళ్ళీ పదునెక్కింది. రేకులు గుట్టలు పడుతుంటే విడిగా చుట్టేవాళ్ళు కావాల్సొచ్చారు. జైలు గది, ప్రాపర్టీ గది పక్కపక్కనే. మధ్య గోడలో కిటికీ ఉంది. ఆవిడ రేకు తీసి కిటికీలోంచి అందిస్తుంది, ఆయన లోపల కూర్చుని పంచదార చల్లి, నెయ్యి రాసి, చుట్టి ఇస్తాడు.

"ఇంకాస్త వెయ్యండి నెయ్యి."

"చాలు చాలు."

పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా ఆ మాటలే వినపడేవి. నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఆలోచించాను. వీళ్ళిద్దరికీ విడాకులిచ్చి నలభై రోజులైంది. విడాకుల డిక్రీని తు.చ. తప్పకుండా అమలు చేయడం కోసం కోర్టు వాళ్ళని మళ్ళీ ఒకే పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. ఆవిడ వండి పెడుతోంది, ఆయన వంకలు పెడుతున్నాడు. పెళ్ళిలో ఉన్నవన్నీ వచ్చేశాయి. పెళ్ళి ఒక్కటే లేదు.

భవాని మాత్రం రేకులు లెక్కపెట్టుకుంటోంది. ఆరువందలు పూర్తయ్యాక అడిగింది. "ఇవి పట్టుకెళ్ళి మాస్టారింట్లో ఇచ్చేత్తానండి."

"అసంభవము," అన్నారు కామేశంగారు. "ఇవి కోర్టు కస్టడీలోని వస్తువు నుండి ఉత్పన్నమైనవి. వీటికి నెంబరు వేసి, లక్క సీలు వేసి భద్రపరచవలెను."

పూతరేకు మీద లక్క సీలు వేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. ఆరువందల సార్లు అదే అయింది. భవాని వంగి ఆ పొడుం గుప్పెటలోకి ఎత్తి చూసింది. పెళ్ళి ఇంక ఆరు రోజులుంది.

ఆ పూట ఆవిడ ఇంటికి వెళ్ళకుండా వరండాలో కూర్చుంది. తన నియామకపు కాగితం బయటికి తీసింది. పదో తరగతి దాకా చదువుకున్న మనిషి. వేలు పెట్టి ఒక్కో మాటే చదివింది. మా కోర్టు ఆర్డరుని మొదటి నుంచి చివరిదాకా చదివిన మనిషిని నేను చూడటం అదే మొదలు. రాసినవాళ్ళు కూడా చదవరు.

"బాబాయిగారూ, ఇదేం మాటండీ? 'కమిషనరు సదరు కుండ వద్దనే నివసించుచు' అని ఉందేంటి?"

చూశాను. నిజమే. చేను కాపలావాడు గట్టు మీద గుడిసె వేసుకుంటాడు కనుక అలా రాశారు. చేను మార్చినవాడు ఆ మాట మార్చలేదు.

"అంటే కోర్టోరి లెక్కన నేనిక్కడే నివాసం ఉన్నట్టా అండీ?"

"కోర్టు కాగితం మీద అలాగే ఉందమ్మా."

"ఈ గదేనా అండీ నా నివాసం?"

నాకు అప్పుడు తట్టింది. ఏడో క్లాజులో ఉన్నది 'వాది నివాసమందు' అనే కదా. అమీనా సలహాలివ్వకూడదు. కానీ లేచి నిలబడి, చొక్కా సవరించుకుని, రిపోర్టు ఫారం తీశాను. ఎక్కడైనా అప్పగింత జరిగితే అమీనా సమక్షంలో జరగాలి కదా.

మర్నాడు పదకొండు గంటలకి కుండ కణకణలాడుతోంది. భవాని కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"తాతాజీగారూ, తాళం తీసుకుని ఇవతలికి రండి."

"పాలించాకే కదా తియ్యాలి?"

"పాలించడానికే రమ్మంటున్నాను. రండి."

తాతాజీ నావైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. పిన్నీసు తీసి, ఊచల్లోంచి చెయ్యి బయటికి పెట్టి, తాళం తెరుచుకుని వచ్చాడు. భవాని మంట బయటికి లాగింది. సంగతి అర్థమయ్యాక తాతాజీ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"కాలిపోద్ది భవానీ."

"రెండు లెక్కపెట్టేలోపు నా చేతికొచ్చేత్తది. అరచెయ్యి ఆనించకుండా వేళ్ళతో మెడ దగ్గర పట్టుకో. ఊపిరి బిగబట్టు. పద్నాలుగేళ్ళలో ఒక్కసారి నా మాట విను తాతాజీ."

విన్నాడు. ఒకటి, రెండు. కుండ ఆవిడ చేతుల్లో ఉంది. ఆయన వేళ్ళు ఊదుకుంటూ గెంతుతున్నాడు. నేను గళ్ళన్నీ నింపాను. స్వహస్తములు, అవును. వాది నివాసము, అవును. అమీనా సమక్షము, అవును. వస్తువు స్థితి దగ్గర 'తీర్పు నాటి వేడి' అని రాసి కింద గీత గీశాను.

భవాని కుండ దించి, నేతి గిన్నె తీసుకుని, ఆయన వేళ్ళకి దండిగా రాసింది.

"ఇంత నెయ్యా?" అన్నాడు తాతాజీ.

"నోర్ముయ్యి," అంది భవాని. గారూ లేదు. ఆయన మొహంలో కాస్త సంతోషం కనపడింది గానీ, ఆవిడ అప్పటికే కుండకి చుట్టే గడ్డి సర్దుకుంటోంది.

జడ్జిగారు రిపోర్టు చదివి పులకించిపోయారు. మూడు ధిక్కారాల పిమ్మట సంపూర్ణ పాలన. ఉద్యమ ఫలితమని పైకి రాశారు. తాతాజీ విడుదలయ్యాడు. ఇప్పుడు బస్టాండు దగ్గర సోడా బండి పెట్టుకున్నాడు. జైలు తాళంచెవి వెనక్కి తీసుకునే ఫారం లేకపోవడం వల్ల అది ఆయన దగ్గరే ఉండిపోయింది, దానితో సోడా మూతలు తీస్తున్నాడు. మాస్టారి కూతురి పెళ్ళిలో రేకులు వడ్డించారు. నేను పిలవని పేరంటంగా వెళ్ళి మూడు తిన్నాను. నెయ్యి సరిపోయింది.

కథ ఇంతటితో అయిపోవాలి. కానీ కమిషనరుగా భవాని నియామకాన్ని ఎవరూ రద్దు చేయలేదు. 'తదుపరి ఉత్తర్వుల వరకు సదరు కుండ వద్దనే నివసించుచు, కోర్టు ఆవరణమందు దానిని కాపాడవలెను' అన్నది ఇంకా అమల్లోనే ఉంది. కుండ ఆవరణలో లేదు, కమిషనరూ లేదు. వారం తిరిగేసరికి కామేశంగారు ఈ సంగతి పట్టుకున్నారు. కొత్త ధిక్కార నోటీసు తయారైంది. ఈసారి భవాని మీద. చేర్చవలసింది నేను.

వెళ్ళేసరికి వరండాలో పొయ్యి రాజుకుని ఉంది. భవాని చేతిలో తడి బట్ట, కుండ మీద రేకు. పక్కన ఒకావిడ చుడుతోంది.

"రండి బాబాయిగారూ," అంది.

"నోటీసమ్మా. నీ స్వహస్తాలకి ఇవ్వాలని రాశారు."

ఆవిడ నన్ను చూసింది, నోటీసు చూసింది, తన చేతులు చూసుకుంది. మోచేతుల దాకా పిండి.

"చేతులు ఖాళీ లేవండి. ఈ రేకు తీసేసి పుచ్చుకుంటాను, కూర్చోండి."

కూర్చున్నాను. ఆ రేకు తీసింది. బట్ట ముంచి ఇంకోటి లాగింది. అది తీసింది, ఇంకోటి లాగింది. కుండ వేడి మీద ఉండగా ఆపితే పిండి అంటుకుపోతుంది, ఆ మాత్రం నాకూ తెలుసు. సాయంత్రం దాకా కూర్చున్నాను. పక్కావిడ ఒక పూతరేకు చుట్టి నా స్వహస్తాలకి ఇచ్చింది. అప్పుడు నా చేతులూ ఖాళీ లేకుండా పోయాయి.

నోటీసు వెనక రిపోర్టు రాశాను. 'ప్రతివాది నివాసమందే యున్నది. చేతులు ఖాళీ లేవు.' అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. మళ్ళీ వెళ్ళమని వాయిదా వేశారు. మళ్ళీ వెళ్ళాను. ఇది ఎనిమిదో నెల. నేను వీధిలోకి వస్తుంటే ఆవిడే ముందుగా బట్ట పిండిలో ముంచి సిద్ధంగా ఉంటోంది.

వచ్చే వాయిదా శుక్రవారం. ఆ రోజు ఆవిడకి నాలుగు వందల రేకుల ఆర్డరు ఉందట. పొద్దున్నే రమ్మంది.